రేసు కారుకు గొంగడి సీటు

"సీటు నా కొలతకే కుట్టాలె. గది నా సీటు."

"బాపూ, కుర్చీల కెల్లి లేవనీకె నీకు రెండు చేతులు గావాలె. నువ్వు గా కారెట్ల నడుపుతవ్? అవ్వా, నువ్వు ఆయన మాట ఇనకు. నా కొలత దీస్కో."

"కారు కట్టింది నేను. అప్పటికి నువ్వు పుట్టనే లేదు."

"నేను పుట్టినంకనే గదా నీ తుంటి ఇరిగింది. దవాఖానల నీ పక్కపొంటి కూసున్నది నేనే."

"తుంటికి, సీటుకు ఏం సంబంధం?"

"ఏం సంబంధమా! అవ్వా, ఇన్నవా? ఏం సంబంధమంట!"

నేను చేతిలో ఉన్న దబ్బనం గోనెకు గుచ్చి లేచాను.

"కొట్లాట బయట వెట్టుకోండ్రి. ఇది సీట్ల దుకాణం, పంచాయతి ఆఫీసు గాదు. ఒక్క సీటుల ఇద్దరు కూసునుడు నేనేడ సూడలే. కారెవరు నడుపుతరో తేల్చుకొని రాండ్రి, గప్పుడు కుడుత."

తండ్రీ కూతురూ ఒక్కసారే నోరు మూసుకున్నారు. నా గొంతు వింటే భయపడతారన్న పేరు ముందునుంచీ ఉంది. లారీ డ్రైవర్లు కూడా నా షెడ్డు ముందుకు వచ్చాక బీడీ ఆర్పేసేవాళ్లు.

కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు పక్కన, రేకుల షెడ్డు కింద నేను చాలా ఏళ్లు సీట్లు కుట్టాను. లారీల సీట్లు, ట్రాక్టర్ల సీట్లు, ఆటోల టాపులు. సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు ఒప్పుకోవడం మానేశాక నేనూ పని మానేశాను. ఈ మధ్య మావైపు ఆడపిల్లలు కొందరు ఈ పని నేర్చుకుంటున్నారు. "అవ్వా, నీకు యాదిల ఉన్న పని ఒకటి చెప్పు" అని వాళ్లు అడిగితే ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి. గొర్రెల వెంట పోవడానికి మనిషి తక్కువైతే మా నాయిన నన్ను బడి మానిపించాడు. కాగితం పాడుచేయడం నాకు ఇష్టం ఉండదు, అందుకని కొట్టేసి మళ్లీ రాయను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. ఆ పెద్దమనిషిది మహబూబ్‌నగర్. వయసులో ఉన్నప్పుడు అక్కడ మోటర్లు బాగుచేసే షెడ్డు నడిపాడు. మేమంతా పెద్దసారు అనేవాళ్లం. ఆయన కూతురు అక్కడే బ్యాంకులో పనిచేసేది. ఇక ఆ కారు. చూడటానికి పాత రోజుల్లో డాక్టర్లు తిరిగిన చిన్న కారే. లోపల మాత్రం అది ఏ కంపెనీ చేసిన కారూ కాదు, పెద్దసారు చేసిన కారు. ఆ రోజుల్లో ఊరికీ ఊరికీ మధ్య మట్టి బాటల మీద, వాగుల్లో, గుట్టల్లో కార్ల పందేలు జరిగేవట. వాటికోసం ఆయన దాన్ని మొత్తం విప్పి మళ్లీ కట్టుకున్నాడు. కప్పు కింద ఇనుప పైపులతో పంజరం వేశాడు, బోర్లా పడ్డా మనిషి నలగకుండా. వెనక సీటు తీసేసి అక్కడ రెండో పెట్రోలు టాంకీ పెట్టాడు. బరువు తగ్గాలని తలుపుల లోపలి రేకుకు, చివరికి కాలితో తొక్కే పెడళ్లకు కూడా జల్లెడలాగ బొక్కలు పెట్టాడు. ముందర నాలుగు పెద్ద లైట్లు. ఎడమ పక్కన కూర్చుని బాట చెప్పే మనిషికి మెడ వంచుకునే చిన్న దీపం. అలాంటి కారు ఇంకొకటి లేదు. ఆయన బుర్రలోంచి వచ్చింది కాబట్టి ఉండే వీలూ లేదు.

పందేల కాలం పోయింది. పక్కన కూర్చుని బాట చెప్పిన స్నేహితుడూ పోయాడు. కారు ఇంటి వెనక టార్పాలిన్ కింద మిగిలింది. ఇప్పుడు అలాంటి పాత కార్లు దాచుకున్నవాళ్లు కొందరు కూడబలుక్కుని, కల్వకుర్తి అవతల గుట్టల మధ్య మట్టి బాట మీద ఒక పొద్దుటిపూట తమ కార్లు నడపాలనుకున్నారు. గెలుపు ఓటములు లేవు. కాని బాట బాటే కదా, రాయి రాయే. అందుకని ముందురోజు కారునూ, నడిపేవాడినీ పరీక్ష చేస్తారు. సీట్లో కూర్చుని బెల్టు కట్టుకోవాలి, పెడళ్లన్నీ అడుగంటా తొక్కాలి, ఎవరి చెయ్యీ పట్టకుండా దిగాలి. పాసైతేనే స్టీరింగు.

మా షెడ్డు పక్కనే ఇంజన్లు విప్పే మేస్త్రీ ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు. నెలల తరబడి కూర్చుని ఆ కారు ఇంజనుకు ప్రాణం పోసింది అతనే. మిగిలింది నడిపే సీటు ఒక్కటే. ఎలుకలు దాని కడుపంతా తోడేశాయి. పొద్దున్నే కారును నా షెడ్డు ముందుకు నెట్టుకొచ్చారు, వెనకే ఆ కొట్లాట కూడా వచ్చింది.

బయట చింతచెట్టు కింద కాసేపు గొణుక్కున్నాక కూతురు లోపలికొచ్చింది.

"సరే అవ్వా. బాపు కొలతకే కుట్టు. పరీక్షల ఫెయిలైతే స్టీరింగు నాది, ఆయన పక్క సీటుల కూసుంటడు. ఏం బాపూ, మాటేనా?"

"మాటే. పాసైతే నేను నడుపుత, పక్కకు నువ్వు కూసొని తొవ్వ చెప్పాలె. గీ ఒక్కపారి. తర్వాత తాళంచెవి నీకే ఇస్త, మల్ల అడగ."

ఆయన ఆ మాట అన్న తీరు చూసి మేస్త్రీ కూడా పానా పక్కన పెట్టాడు.

పాత కవరు విప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. రేసు కారు సీటు అంటే ఏ సీమ తోలో ఉంటుందనుకున్నాను. అది గొంగడి. మా ఇళ్లల్లో కప్పుకునే నల్ల గొంగడి, చింతగింజల గంజి పట్టించి నేసింది. పుట్టింట్లో నేను దాని మీదే పుట్టాను, దాని కిందే పెరిగాను.

"ఏంది సారూ, గొర్లకాడికి పోయిన్రా రేసుకు పోయిన్రా?"

"రెక్సిన్ మీద కూసొని మలుపు దింపి చూడు చెల్లె, సబ్బు మీద కూసున్నట్టుంటది. గొంగడి మనిషిని ఇడువది. చెమటొస్తే తాగుతది."

"నా సీటుకైతే రెక్సినే ఏపిస్తుంటి. తుడుస్తె పోతది. గీ గొర్రె వాసనెవ్వరు భరిస్తరు?" అంది కూతురు.

"నేను భరిస్త, నేను గొర్లోల్ల బిడ్డనే" అన్నాను. ఆ పిల్ల నాలుక కరుచుకుంది.

గొంగడిని దులిపి, కుంకుడు రసంలో ఉతికి, ఎండలో వేశాను. పైపక్క అరిగింది కాని లోపలి పక్క గట్టిగానే ఉంది. తిరగేసి కుడితే ఇంకో మనిషి జీవితకాలం వస్తుంది. తిరగేసి కుట్టడం సిగ్గుపడే పని కాదు. ఉన్నదాన్ని పారేసి కొత్తది కొనడమే నాకు సిగ్గు.

ఇక కొలత. నాకు పని నేర్పిన ముసలాయన టేపును నమ్మేవాడు కాదు. "టేపు నడుము ఎంతుందో చెప్తది, నడుము నొప్పి ఏడుందో చెప్పది" అనేవాడు. ఆయన పద్ధతి ఆముదాల సంచి. గోనెసంచిని సగానికి ఆముదాలతో నింపి నేల మీద పరిచి, దాని మీద డ్రైవరును కూర్చోబెట్టి చాయ్ తాగమనేవాడు. ఆముదపు గింజ నున్నగా ఉంటుంది. బరువు ఎక్కడ పడితే అక్కడినుంచి జారి, ఖాళీ ఉన్నచోట చేరుకుంటుంది. మనిషి లేచాక సంచిలో అతని ఒళ్లు మిగిలిపోతుంది. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మిట్ట ఉందో చేత్తో తడిమి, అలాగే కొబ్బరి పీచు కూరి కుట్టాలి. తినే గింజ కాదు కాబట్టి ఆ సంచిని ఎవరూ అడిగి తీసుకుపోరు. ఒక్క సంచితో నా పని జీవితమంతా వెళ్లింది.

పెద్దసారును సంచి మీద కూర్చోబెట్టాను. మేస్త్రీ చాయ్ తెచ్చాడు. పెద్దసారు పాత పందేల కతలు మొదలుపెట్టాడు. వాగులో కారు ఆగిపోతే ఎడ్లబండి వాడు ఎలా లాగాడో, ఆ బండివాడే తర్వాతి ఊర్లో తమకంటే ముందు ఎలా దిగాడో చెబుతుంటే కూతురు కూడా నవ్వింది. చాయ్ అయింది, ఆయన కారు పంజరం పైపు పట్టుకున్నట్టే గోడ పట్టుకుని లేచాడు. గుంట చక్కగా పడింది. తడిమి చూసుకున్నాను. పీచు కూరాను, మైనం రాసిన దారంతో కుట్టాను. మేస్త్రీ బొటనవేలితో నొక్కి చూసి, "అక్కా, గీ సీటు మీద పెండ్లి చెయ్యొచ్చు" అన్నాడు. నాకూ గర్వంగానే ఉంది.

పరీక్ష రోజు నేనూ పోయాను. దుకాణం మూసి ఊరు తిరిగే మనిషిని కాను. కాని పెద్దసారు పట్టుబట్టాడు, సూదుల మూట వెంట తెచ్చుకొమ్మని కూడా అన్నాడు. చలికాలం కాబట్టి నా గొంగడి భుజాన వేసుకుని మేస్త్రీ ట్రాలీ ఆటోలో కూర్చున్నాను.

గుట్ట కింద మైదానంలో షామియానా వేశారు. కార్లన్నీ పెండ్లికొడుకుల్లాగ మెరుస్తున్నాయి. మనది ఒక్కటే పాత రంగుతో, తలుపు మీద గుండ్రటి మచ్చలో వెలిసిపోయిన అంకెతో నిలబడి ఉంది. పరీక్ష చేసేది టోపీ పెట్టుకున్న ఒక పట్నం అబ్బాయి. మర్యాదస్తుడు. ముందు లైటుకు మేస్త్రీ కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు చూసి, "లూజుగా వేలాడేవి ఏవీ ఉండకూడదండీ" అన్నాడు.

"లూజుగ లేదు సార్, మూడు ముల్లేసిన" అన్నాడు మేస్త్రీ.

ఆ అబ్బాయి నవ్వి, అయినా తీయించాడు.

పెద్దసారు ఎక్కాడు. బెల్టు కట్టుకున్నాడు. బ్రేకు తొక్కాడు, అడుగంటింది. "క్లచ్ తొక్కండి సార్" అన్నాడు ఆ అబ్బాయి. పెద్దసారు ఎడమ కాలు చాచాడు. చాచగానే ఒళ్లంతా ఎడమకు ఒరిగింది. తొడ కింద ఏమీ లేనట్టు జారింది. పెడలు సగం దాకా పోయి ఆగింది. మళ్లీ తొక్కాడు. దవడ బిగిసింది, మెడ నరాలు లేచాయి. పెడలు అక్కడే ఆగింది. దిగమంటే మాత్రం పైపు పట్టుకుని, నెమ్మదిగా, ఎవరి సాయం లేకుండానే దిగాడు.

"సార్, రేపు పొద్దున బయల్దేరే ముందు ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే వేరేవాళ్లు నడపాలి. ఏమీ అనుకోకండి."

"ఇండ్ల అనుకునేదేముంది" అన్నాడు పెద్దసారు. గొంతు మామూలుగానే ఉంది. చేయి మాత్రం కారు తలుపును వదలలేదు.

కూతురు ముఖం గెలిచినట్టు లేదు. "ఇగ ఇడిచిపెట్టు బాపూ. నేను నడుపుత. నువ్వు పక్కకు కూసొని తిట్టు. నీకు తిట్టుడు అలవాటే గదా."

"తుంటి వల్లనే" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "పెద్దమనిషాయె. మనమేం జేస్తం అక్కా?"

నేను ఒప్పుకోలేదు. ఆ తుంటితోనే ఆయన గోడ పట్టుకుని లేచాడు, పైపు పట్టుకుని దిగాడు. నా షెడ్డులో అదే పెడలును సీటు లేని ఉత్త రేకు డొప్పలో కూర్చుని తొక్కాడు, నేను చూశాను. డొప్పలో తొక్కినవాడు నా సీట్లో ఎందుకు తొక్కలేడు? సీటులోనే ఏదో ఉంది. సీటు నాది.

షామియానా పక్కన చాయ్ బండి ఉంది, దాని ముందు ఒక చెక్కబల్ల. పెద్దసారు పోయి కూర్చున్నాడు. మేస్త్రీ కూర్చున్నాడు. కార్లు మోసుకొచ్చిన లారీ డ్రైవరు ఒకడు అప్పటికే ఉన్నాడు. నేను గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. నిలబడి చూస్తున్నాను. లారీ డ్రైవరు ఎడమ కాలు మడిచి బల్ల మీద పెట్టుకుని, దాని మీద ఒరిగి చాయ్ ఊదుకుంటున్నాడు. మేస్త్రీ ఎడమ కాలు మడిచాడు. పెద్దసారూ అంతే.

గ్లాసు కింద పెట్టాను.

"సారూ, ఆ దినం నా సంచి మీద మీరెట్ల కూసున్నరు?"

"ఎట్ల కూసుంటరు చెల్లె? అందరు కూసున్నట్టే కూసున్న."

"కాల్లేడ వెట్టిన్రు?"

పెద్దసారు కిందికి చూసుకున్నాడు. మేస్త్రీ చూశాడు. ఏమీ తెలియని ఆ లారీ డ్రైవరు కూడా ఉలిక్కిపడి తన కాలు దించేశాడు.

అదీ జరిగింది. మా రోడ్డు మీద నేను కుట్టిన సీట్లన్నీ దూరం పోయే లారీలవి. టాప్ గేరు పడ్డాక మా డ్రైవర్లు ఎడమ కాలు మడిచి పిరుదు కింద పెట్టుకుని గంటలకొద్దీ నడుపుతారు. నా ఆముదాల సంచి ఆ గుంటను మాత్రమే ఎరుగును, నా చేతులూ అంతే. సంచి మీద పెద్దసారు కాలు మడిస్తే నాకు వింతగా తోచలేదు, మేస్త్రీకి తోచలేదు, పక్కనే నిలబడ్డ కూతురికీ తోచలేదు. ఎడమ తొడ కింద గుంట చేసి, నేను ఆయనకు హాయిగా కాలు మడుచుకునే లారీ సీటు కుట్టి పెట్టాను. అడుగడుక్కీ క్లచ్చి తొక్కే కారుకు!

"దేవుడా, లారీ సీటు మీద రేసుకొచ్చిన్నా నేను" అని పెద్దసారు ఒకటే నవ్వు. కూతురు నవ్వలేదు.

"ఇప్పుడెట్ల అవ్వా? పొద్దు నెత్తి మీదికొచ్చింది. నీ సంచేమో కొత్తకోటల ఉన్నది."

"సంచి ఏడనన్న దొరుకుతది. తమ్మీ, ట్రాలీ దియ్యి."

కల్వకుర్తి మార్కెట్టుకు పోయాం. గింజలు కొని అమ్మే ఒక దుకాణంలో అడిగితే గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆముదాలా? ఏ కాలంల ఉన్నవే అవ్వా? ఇప్పుడు ఆముదం ఎవడేస్తుండు? పత్తి గావాల్నా చెప్పు, గుట్టలున్నయి."

"పత్తి మీద కూసుంటే కుంగుతది. కందులున్నయా?"

"ఉన్నయి. ఎన్ని గావాలె?"

"కొననీకె గాదు. సగం సంచి జర సేపు ఇయ్యి. ఒక పెద్దాయన కూసోవాలె."

"కందుల మీదనా?"

"ఆ."

"ఏందవ్వా, ఏమన్న మొక్కా?"

"మొక్కే అనుకో. పొద్దు గూకేలోపల తెచ్చిస్త."

"తర్వాత గా కందులెవలు కొంటరే!" అని తల పట్టుకున్నాడు. సంచి మూతి గట్టిగా కట్టే ఉంటుందని మేస్త్రీ నచ్చజెప్పి, తన సెల్లు నంబరు ఇచ్చాక ఇచ్చాడు. వేళ్లు పెట్టి చూశాను. ఆముదమంత నున్నగా కాదు, కాని జారుతుంది. చాలు.

ఈసారి నేల మీద కాదు. సీటు విప్పి, పీచంతా తీసేసి, ఉత్త డొప్పను కారులో బిగించి, అందులో కందుల సంచి పరిచాను. పెద్దసారును కూర్చోబెట్టి బెల్టు కట్టించాను. రెండు కాళ్లూ పెడళ్ల మీద.

"తొక్కు సారూ. ఇడువు. మల్ల తొక్కు. కాలు మడిచినవో దబ్బనం గుచ్చుత."

"నా పెండ్లాం గూడ నన్ను గిట్ల బెదిరియ్యలే చెల్లె."

"బెదిరిస్తె బాగుపడుతుంటివి" అంది కూతురు తలుపు దగ్గరినుంచి. అంటూనే నవ్వింది. ఆ రోజు ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

తొక్కగా తొక్కగా సంచి సర్దుకుంది. లేచాక తడిమాను. ఎడమ తొడ కింద మిట్ట కావాలి, ముందు అంచు పైకి రావాలి, తుంటి ఎముక పడేచోట చిన్న పల్లం. మొదటి గుంటకు పూర్తి ఎదురు. పీచు మళ్లీ కూరడం మొదలుపెట్టాను. కందుల సంచిని మేస్త్రీ తిరిగి ఇచ్చి వచ్చాడు.

పీచు అయ్యాక గొంగడి పరిచి చూస్తే ముందు ఎడమ మూల జానెడు తక్కువైంది. గుంటకు కోసిన బట్ట మిట్టకు ఎలా చాలుతుంది?

"రెక్సిన్ ముక్క ఎయ్యి చెల్లె, ఏం గాదు" అన్నాడు పెద్దసారు.

"గాడ రెక్సిన్ ఏస్తే మల్ల గాడనే జారుతవ్."

నా భుజాన నా గొంగడి ఉంది. పుట్టింటి గొర్రెల ఉన్నితో నేసింది, పెండ్లయినప్పుడు ఇచ్చింది. చిరిగినచోటల్లా అతుకు వేసుకుంటూ వచ్చాను కాని ఎప్పుడూ కత్తెర పెట్టలేదు. వెంటనే కోశానని చెబితే అబద్ధమవుతుంది. నేను కొబ్బరి పీచు పోగు కూడా పారేయని మనిషిని. మంచి గొంగడికి కత్తెర పెట్టాలంటే చేయి రాలేదు. నాలుగు మూలలూ తిప్పి తిప్పి చూసి, ఎక్కువ అరిగిన మూల ఏదో వెతుక్కుని, అక్కడ కోశాను.

గొంగడి మీద గొంగడి కుట్టడానికి బలం కావాలి. నా వేళ్లు అప్పటికే వంకర తిరిగాయి. నేను దబ్బనం దింపుతుంటే కూతురు అవతలినుంచి దారం లాగింది. బ్యాంకులో కూర్చునే చేతులు కదా, లాగగా లాగగా అరచేయి ఎర్రగా కమిలింది. గుడ్డ చుట్టుకొమ్మన్నాను. చుట్టుకుని మళ్లీ లాగింది.

"అవ్వా, ఆయనకేమన్న అయితే అందరు నన్నే అంటరు. ఎట్ల పోనిచ్చినవ్ అని."

"అంటరు. అనని."

"నువ్వైతే పోనిస్తవా?"

"నన్నడగకు బిడ్డా. నాది సూది పని. మీ బాపు పోనియ్యమని నిన్నడుగుతలేడు. పక్కకు కూసొమ్మంటుండు. కూసుంటవా లేదా?"

ఆ పిల్ల దారం ఇంకొంచెం గట్టిగా లాగింది. కాసేపటికి తండ్రిని పిలిచి, "బాపూ, మలుపును ఎంత ముందల్నుంచి చెప్పాలె?" అని అడిగింది. పెద్దసారు ముక్కాలి పీట ఈడ్చుకుని వచ్చి కూర్చున్నాడు. నేను కుడుతున్నంతసేపూ వాళ్లిద్దరూ మలుపులు, రాళ్లు, గుంతలు అంటూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యలో రెండుసార్లు పోట్లాడుకున్నారు కూడా. పొద్దు గుట్ట వెనక్కి పోకముందే ఆఖరి ముడి వేసి, దారం పంటితో తెంపాను.

పిల్లలూ, మీరు ఈ పనిలోకి వచ్చారు కాబట్టి ఒక మాట. అలవాటైన చేతికి తప్పు కనబడదు. నేను కళ్లతో కాదు, చేతి అలవాటుతో కొలత తీశాను. ఎన్నేళ్లు చేసిన పని అయినా, కొత్త బండి వస్తే ముందు అందులో ఎక్కి కూర్చోండి. మీ నడుములు బాగున్నాయి, నాలాగ ఎక్కలేక సణుక్కోవాల్సిన పని లేదు.

తెల్లారింది. గడ్డి మీద మంచు ఉంది. ఆ టోపీ అబ్బాయి వచ్చాడు. పెద్దసారు ఎక్కి, బెల్టు బిగించుకుని, అడగకముందే క్లచ్చి తొక్కాడు. అడుగంటింది. ఇంకోసారి తొక్కాడు. నడుము కదల్లేదు. అబ్బాయి వంగి పెడలు చూసి, సీటు చూసి, తల ఊపాడు. కూతురు జుట్టు ముడేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, బాట గీసిన కాగితం పట్టుకుని ఎడమ పక్కన కూర్చుంది.

మొదట ఇంజను ఆగిపోయింది. ఎవరో పాపం అన్నారు. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. రెండోసారి పట్టుకుంది. ఎర్రటి దుమ్ము లేపుకుంటూ గుట్ట మలుపు దాకా పోవడం చూశాం, ఆ తర్వాత చప్పుడే విన్నాం. గేరు మారినప్పుడల్లా మేస్త్రీ వేళ్లు కదిలాయి.

మెరిసే కార్లన్నీ వచ్చేశాక మన కారు వచ్చింది. దుమ్ములో అంకె కూడా కనబడలేదు. పెద్దసారు తలుపు తీసి, పైపు పట్టుకుని, తనంతట తనే దిగాడు. కూతురు చేయి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"క్లచ్చి తీగ గట్టిగున్నది మేస్త్రీ, జర ఒదులు చెయ్యి. బిడ్డా, వాగు మలుపు లేటు చెప్పినవ్. చాయేడ?"

సీటు సంగతి ఎత్తనే లేదు, కుదిరిన సీటు ఎవరికీ గుర్తు రాదు. నేను కాసేపు నిలబడి చూశాను. ఆయన మేస్త్రీతో బానెట్ ఎత్తించి ఇంజను మీద వంగాడు. సూదులు మూట కట్టుకుని రోడ్డు మీదికి నడిచి, వనపర్తి మీదుగా కొత్తకోట పోయే బస్సెక్కాను.